ఒంటరి హంతకుడికి కొరమీను పులుసు

జనం పేకాటలో చెడతారు, ప్రేమలో చెడతారు. నేను కొరమీను పులుసులో చెడ్డాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకేం అభ్యంతరం లేదు, మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో తాడేపల్లిగూడెంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నాది. ఫోన్లు బాగుచేసింది తక్కువ, వాటిల్లో సినిమాలు చూసింది ఎక్కువ. అవీ మామూలు సినిమాలు కాదండోయ్! డబ్బు లేనివాళ్ళు తీసిన హంతకుల సినిమాలు. ఒక గది, ఒక బల్బు, ఒక కత్తి, ఎవరూ లేని ఒక మనిషి. అతను గోడకేసి చూస్తూ ఎండిపోయిన బన్ను తింటాడు. ఎవరితోనూ మాట్లాడడు. తిన్నాక వెళ్ళి ఎవరినో చంపి వచ్చి చేతులు కడుక్కుంటాడు. కోట్లు పోసి తీసిన సినిమాలో వందమంది చచ్చినా ఆవులించే నాకు, ఆ మనిషి చేతులు కడుక్కుంటుంటే ఒళ్ళు జలదరించేది. ఇప్పటికీ అంతే. చేతిలో చిల్లిగవ్వ లేకుండా మనిషి లోపలి చీకటిని చూపించగలిగినవాళ్ళకి నేను రెండు చేతులా దండం పెడతాను.

అలాంటి సినిమా ఒకటి తీస్తానన్నాడు ఏలూరులో ఉండే నా స్నేహితుడు శ్రీను. పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే కెమెరా వాడికి సొంతంగానే ఉంది. హంతకుడి వేషం నాకే అన్నాడు. ఆ ఆనందంలో ఒకావిడ ఫోన్‌కి ఇంకొకావిడ ఫోన్ డిస్‌ప్లే బిగించేశాను.

"కానీ ఒరేయ్, నిన్ను చూస్తే పెళ్ళిభోజనం చేసి తాంబూలం వేసుకున్నవాడిలా ఉంటావు," అన్నాడు శ్రీను. "మన హంతకుడు లోకంలో ఎవరికీ పట్టనివాడు. ఎక్కడికైనా పోయి ఒంటరిగా ఉండు. మాటలు తగ్గించు, తిండి తగ్గించు. నేనొచ్చి చూసేసరికి మొహంలో ఆకలి కనపడలేదనుకో, వేషం మా బావకి ఇచ్చేస్తాను."

తగ్గించమంటే నేను రెండూ మానేద్దామని నిశ్చయించుకున్నాను. అందులోనూ ఒంటరితనానికి నేను ఎంచుకున్న చోటు చూడండి: కొల్లేటి మధ్యలో ఓ లంక గ్రామం. చుట్టూ నీళ్ళు, చేపల చెరువులు, గూడబాతులు. అక్కడ నన్నెవరు పలకరిస్తారులే అనుకున్నాను. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి అలా అనుకున్నానంటే, నా తెలివికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి.

గది శ్రీనే మాట్లాడాడు. ఇంటావిడ రత్నంగారికి ఫోన్ చేసి, "మావాడు కొన్నాళ్ళు ఒంటరిగా ఉండాలనుకుంటున్నాడండి. దయచేసి ఎవరూ పలకరించకండి," అన్నాడట. ఆ మాట విన్నాక మనవైపు పలకరించకుండా ఉండగలిగే తల్లి ఉంటుందా?

వెళ్ళిన పూటే రత్నంగారు గుమ్మంలోకి వచ్చారు.

"బాబూ, భోంచేశారా అండీ?"

నేను గోడకేసి చూశాను.

"ఏవండీ బాబూ, మిమ్మల్నేనండీ. కూరేం చెయ్యమంటారు?"

గోడకేసి ఇంకా తీవ్రంగా చూశాను.

"అయ్యయ్యో, ఏ మహాతల్లి ఇలా చేసి వెళ్ళిపోయిందో!" అంటూ ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని వెళ్ళిపోయారు. హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి కొరమీను పులుసు గిన్నెతో తిరిగొచ్చారు. ఆవిడ వెనకాల వీధి వీధంతా వచ్చింది.

"ప్రేమ వ్యవహారమేనండి, చూస్తే తెలవట్లేదా?"

"కనిపెట్టుకుని ఉండాలండోయ్, చుట్టూ నీళ్ళు!"

మౌనం అర్ధాంగీకారం అంటారు. కొల్లేట్లో అది పూర్తి అంగీకారం, వడ్డనకి. వద్దనడానికి నోరు తెరిస్తే వ్రతం చెడుతుంది, తెరవకపోతే కంచం నిండుతుంది. చేత్తో వద్దంటే "మొహమాటపడకండి బాబూ" అని ఇంకో గరిటె. పైగా అది మామిడికాయ వేసిన పులుసు. దాని గురించి అబద్ధమాడితే కళ్ళు పోతాయి.

అప్పట్నుంచీ తానొకటి తలిస్తే రత్నంగారొకటి వండును. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం రొయ్యల వేపుడు, సాయంత్రం జంతికలు. గుమ్మంలో వంతులవారీగా కాపలా. నేను చెరువు గట్టు మీదకి నడిస్తే, "ఊరికే గాలికొచ్చామండి" అంటూ వెనకాల నలుగురు.

ఒక మధ్యాహ్నం కాపలా ఆయన కునుకు తీస్తున్నాడు. ఇదే సమయమని, శ్రీను అట్టతో చేసి వెండికాగితం అంటించి ఇచ్చిన కత్తి తీసి, అద్దం ముందు నిలబడి పైకెత్తాను. అంతే, కిటికీలోంచి రత్నంగారి కేక!

"పరిగెత్తుకు రండర్రా! బాబుగారు పొడుచుకుంటున్నారు!"

నలుగురు నామీద పడ్డారు. పెనుగులాటలో కత్తి వంగిపోయింది. రత్నంగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది అట్టండీ!"

అప్పుడు వాళ్ళందరూ నావైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోను.

"మనసొకటే అనుకున్నాం. పాపం, బుర్ర కూడానండి," అన్నాడొకాయన.

ఆ సాయంత్రం నుంచి పులుసుతోపాటు తలకి నిమ్మకాయ మర్దన కూడా మొదలైంది.

చివరికి శ్రీను వచ్చాడు. నన్ను చూసి, భుజాన ఉన్న కెమెరా సంచీ నెమ్మదిగా కింద పెట్టాడు.

"ఒరేయ్, హంతకుడి మొహంలో ఆకలి కనపడాలన్నాను. నీ మొహంలో అరుగుదల కనపడుతోంది."

"అది కాదురా శ్రీనూ!" అన్నాను.

"మాటొచ్చింది! బాబుగారికి మాటొచ్చిందండీ!" అని రత్నంగారు భోరుమన్నారు. వీధంతా చప్పట్లు. ఆవిడతోపాటు నేనూ ఏడ్చాను. ఆవిడది సంతోషం, నాది పోయిన వేషం.

శ్రీను బావ ఏళ్ళ తరబడి ఏలూరులో ఓ అద్దె గదిలో పోటీ పరీక్షలకి చదువుతున్నాడు. ఎవరికీ పట్టని మొహం కోసం అతను ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. వేషం అతనికి పోయింది. నాకు దక్కింది మొదటి శవం. నిండా తిని నిద్రపోతూ చచ్చేవాడు. "ఇది నీకు సహజంగా వస్తుందిరా," అన్నాడు శ్రీను. షూటింగ్‌లో నిజంగానే గురకపెట్టాను.

సినిమా మాత్రం అద్భుతం. కడుపుమంటతోనే చెబుతున్నాను, అద్భుతం. బావ బన్ను తుంచుకునే తీరు చూస్తే, నేను జన్మలో అలా చెయ్యలేనని అర్థమైపోయింది. కాణీ ఖర్చు లేకుండా శ్రీను ఒక మనిషి గుండెలో ఖాళీని తెర మీద పెట్టేశాడు.

మొదటి ప్రదర్శన ఆ లంకలోనే వెయ్యాలని నేనే పట్టుబట్టాను. సాయంత్రం తెల్లగుడ్డ కట్టారు, ఊరంతా చాపలేసుకుని కూర్చుంది. తెరమీద బావ గోడకేసి చూస్తున్నాడు. "పాపం, ఆ అబ్బాయికి ఎవరూ లేరేంటండీ?" అన్నారు రత్నంగారు. అంతలో బావ లేచి, కిటికీ దూకి, నిద్రపోతున్న నన్ను కసుక్కున పొడిచేశాడు.

"ఆపండి!"

రత్నంగారు లేచి వెళ్ళి శ్రీను చొక్కా పట్టుకున్నారు. "ఊరు ఊరంతా కాపలా కాసి బతికించుకున్న మనిషండీ! నిద్రలో ఉన్నవాణ్ణి పట్టుకుని ఇలా చంపించేస్తారా? మీకు చేతులెలా వచ్చాయండీ?"

నేను గబగబా అడ్డం వెళ్ళాను. "రత్నంగారూ, నేను బతికే ఉన్నానండీ! ఇదిగో, ఇక్కడే ఉన్నాను!"

ఆవిడ నావైపు తిరిగి కూడా చూడలేదు.

"మీరూరుకోండి బాబూ. మీ ప్రాణమంటే మీకు మొదట్నుంచీ లెక్కలేదు!"

తర్వాత వెనక చాప మీద నక్కిన బావ దొరికాడు. ఊరంతా చుట్టుముట్టింది. ఇక అతని పని అయిపోయిందనుకున్నాను. రత్నంగారు అతన్ని ఎగాదిగా చూసి, "ఇంతలా ఎండిపోతే ఎవరికైనా చంపాలనే ఉంటుందండీ. ముందు వడ్డించండి, తర్వాత తిడదాం," అన్నారు. ఆ పూట బావ మూడోసారి పులుసు వేయించుకోవడం చూసి, రెండో సినిమా ఆశ వదిలేసుకున్నాడు శ్రీను.

కాబట్టి పాఠకమహాశయులారా, కొల్లేటి నీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరికీ పట్టనివాడిగా బతకడం ఎలాగో ఈ జన్మలో మళ్ళీ మనవైపు సాధన చెయ్యను. అంతగా ఒంటరితనం కావాల్సివస్తే ఏ దూరదేశమో పోతాను. రత్నంగారికి మాత్రం చెప్పను. చెబితే, గిన్నె పట్టుకుని నాకంటే ముందే అక్కడికి చేరుకుంటారు.