మక్క కంకి మీద పడ్డ నింద

ఆరేళ్లు ఒక మక్క కంకి, అదే మా వైపు మొక్కజొన్న పొత్తు, దాని బరువు మోశాను. నవ్వకండి. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

నేను సికింద్రాబాద్‌లో ఒక పళ్ల ఆసుపత్రిలో అసిస్టెంటుని. మాది విజయనగరం వైపు, కాపురం మెట్టుగూడలో. యాదగిరి గారు రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరై మౌలాలిలో ఉంటారు. ఆరేళ్ల కిందట, కింది దవడలో పన్ను పోయిన చోట ఇంప్లాంటు వేయించుకోవడానికి మా దగ్గరికి వచ్చారు. అదొక చిన్న టైటానియం స్క్రూ. దాని మీద సన్నని పూత ఉంటుంది. ఎముక తొందరగా పెరిగి స్క్రూను పట్టుకోవాలని ఆ పూత. అందుకే దాన్ని గ్లవుజు చేత్తో కూడా ముట్టకూడదు. సీసాలోంచి నేరుగా దవడలోకి వెళ్లాలి.

నేను ముట్టాను. సీసా మూత తీస్తుంటే స్క్రూ జారి నా ఏప్రాన్ మీద పడింది. డాక్టరు గారు అటు తిరిగి ఎక్స్‌రే చూస్తున్నారు. నేను చేరి నెల కూడా కాలేదు, పేషెంటు దవడ తెరిచి ఉంది, ఇంకోటి తెప్పించాలంటే ఆలస్యం... ఇవన్నీ ఆలోచించానా? లేదు. తిట్లు పడతాయని భయపడ్డాను, అంతే. తడి గుడ్డతో తుడిచి అందించాను.

మూడు నెలలకు స్క్రూ కదిలింది. ఎముక పట్టలేదు, తీసేయాల్సి వచ్చింది. డాక్టరు గారు కారణం వెతుకుతుంటే యాదగిరి గారే తల వంచుకున్నారు.

"తప్పు నాదే సార్. గట్టియి తినొద్దన్నరు. ఇంటి ముంగట మక్క కంకులు కాలుస్తుంటే మనసాగలే. ఒక్కటి కొరికిన."

"అదే అయ్యుంటుంది," అన్నారు డాక్టరు గారు.

నేను పక్కనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన చిన్న తప్పును అందరి ముందూ ఒప్పుకున్నారు. పెద్దదాన్ని నేను మింగేశాను.

నిజంగా కంకి వల్లేనేమో? ఆ స్క్రూ ఎందుకు కదిలిందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. ఆ అనుమానం చాటునే ఇన్నేళ్లూ దాక్కుని, వానాకాలంలో రోడ్డు పక్కన కంకుల బండి కనబడితే మొహం తిప్పుకుని నడిచాను.

మొన్న ఆయన వేరే పన్ను నొప్పితో వచ్చారు. ఎక్స్‌రే చూసి, ఆ పాత ఖాళీలో మళ్లీ ఇంప్లాంటు వేద్దామన్నారు డాక్టరు గారు.

"వద్దు సార్. నా బొక్కల దమ్ము లేదు."

మా వైపు బొక్క అంటే చిల్లు, ఇక్కడ ఎముక. కొత్తలో ఆ మాట వింటే నవ్వొచ్చేది. మొన్న రాలేదు. ఆ వైపు నమలడమే మానేశారట. ఆ తర్వాత కంకి అసలు ముట్టలేదట.

ఆయన బయటికి వెళ్లగానే డాక్టరు గారికి చెప్పేశాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇంకా తేలలేదు. తర్వాత పరుగెత్తి, మెట్ల దగ్గర యాదగిరి గారిని ఆపి అంతా చెప్పాను.

ఆయన క్షమించానని అనలేదు. అడిగే మొహం నాకూ లేదు. దవడ తడుముకున్నారు.

"అంటే, నా బొక్క మంచిగనే ఉందా బిడ్డా?"

"ఎక్స్‌రేలో బాగుందండీ."

"అయితే మల్ల ఏపిచ్చుకుంట," అన్నారు. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగారు. "సీసా మాత్రం నువ్వు తియ్యకు."

తియ్యనన్నాను. పైకి వస్తుంటే ఏడుపొచ్చింది. ఆరేళ్ల తర్వాత హాయిగా ఏడ్చాను.