హార్మోనియం మాస్టారి ఎడమచెయ్యి

మా పక్కింటి హార్మోనియం మాస్టారు పోయి వారమైంది. నిన్నటి నుంచి నేను ముఖం ముడుచుకుని తిరుగుతుంటే మా నాన్న తేల్చేశారు: "దానికి మాస్టారి మీద బెంగ కాదు, తన పనితనం బయటపడిందని ఉక్రోషం." ఇంట్లో అందరిదీ అదే మాట. నా సిగ్గు వేరే. అది వాళ్లకి తెలియదు.

నరసాపురం చుట్టుపక్కల పద్యనాటకం ఆడితే మాస్టారి హార్మోనియం ఉండాల్సిందే. వాయించబోయే ముందు ఎడమచేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవారు. "కుడిచెయ్యి పద్యం చెబుతుందమ్మాయ్. ఎడమచెయ్యి ఊపిరి పోస్తుంది," అనేవారు.

నాటకాలు తగ్గాక, తన వాయిద్యం సీడీలో దాచుకోవాలని, భీమవరంలో ఎత్తేసిన రికార్డింగు షాపు నుంచి ఒక కంప్యూటరూ, పాటలు వాయించే కీబోర్డూ కొనుక్కొచ్చారు. కీబోర్డుకి గాలితిత్తి ఉండదు కదా, ఎడమచేతికి పని లేదు. అది బల్ల మీద ఏదో వెతుక్కుంటూ ఉండేది. డిగ్రీలో కంప్యూటర్లు చదివి ఊరికే తిరుగుతున్న నన్ను పిలిచారు.

ఆ కంప్యూటర్లో ఈక్వలైజర్ కార్డు ఉంది. తెర మీద దాని గీతలు పైకి జరిపితే స్వరం నిండుగా, కిందికి జరిపితే పల్చగా వినిపిస్తుంది. కీబోర్డుకి ఎడమవైపున్న చిన్న చక్రంతో ఆ గీతలు కదిలేలా, కీబోర్డు మాట కంప్యూటరుకి చేరవేసే మిడి సెట్టింగులు పెడదామనుకున్నాను. చక్రం తిప్పాం. ఏదీ కదల్లేదు. కీబోర్డు ఒక ఛానెల్లో చెబుతుంటే కార్డు ఇంకో ఛానెల్లో వింటోంది.

"ఒకే అరుగు మీద కూర్చుని మాటల్లేవన్నమాట. మీ అమ్మా నాన్నల్లాగ," అన్నారు మాస్టారు.

రెండింటికీ ఒకే ఛానెల్ పెట్టాను. గీతలు లేచాయి. మాస్టారు వెంటనే తిత్తి ఆడించినట్టు చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపడం మొదలుపెట్టారు.

"అలా ఊపకూడదండీ మాస్టారూ. ఒకచోట పెట్టి వదిలెయ్యాలి."

"వదిలేస్తే పద్యానికి ఊపిరాడొద్దా?"

స్వరం ఉబ్బింది, తగ్గింది, మళ్లీ ఉబ్బింది. రాగం తీస్తున్న మనిషి ఛాతీలాగే. అలాగే రికార్డు చేసి సీడీకి ఎక్కించాను.

పెద్దకర్మకి వచ్చేవాళ్లకి ఆ సీడీ పంచుదామన్నారు నాన్న. నిన్న మాస్టారింట్లో బంధువులందరికీ వినిపించాను.

"ఏంటే ఇది, కరెంటు వచ్చి పోతున్నట్టుంది?" అన్నారు నాన్న. గది గదంతా నవ్వింది. "సెట్టింగు తేడా చేసినట్టుందండీ మా అమ్మాయి. సరిచేస్తుందిలెండి."

"అవునండీ, తీసేస్తాను," అన్నాను. తీసెయ్యడం తేలికే. చక్రం కదలికలు కంప్యూటర్లో విడిగా నమోదయ్యాయి. ఒక్క టిక్కు తీసేస్తే చాలు. కానీ అంతమంది నవ్వుతుంటే ఆయన పక్షాన నిలబడటానికి నాకు నామోషీ వేసింది. అందుకే అన్నాను.

మాస్టారి భార్య గుమ్మం దగ్గర నన్ను ఆపి, మెల్లగా అడిగారు: "ఆయన కావాలనే అలా వాయించారనుకున్నానమ్మా. తప్పా అది?"

జవాబు చెప్పకుండా వచ్చేశాను. పక్కిల్లే. ఆ కాస్త దూరం తలెత్తి నడవలేకపోయాను.

ఈ ఉదయం వెళ్లి, తప్పు కాదని ఆమెకి చెప్పొచ్చాను. నాన్నకి చెప్పలేదు, నేను రాసిన ఇది చదివి ఆయనే తెలుసుకుంటారు. సీడీలోంచి ఒక్క కదలిక కూడా తీయను. పెద్దకర్మ రోజు అలాగే పంచుతాను.