వెనక వరసలోంచి పాట

పాత వస్తువులు వేలం వేసే ఆ హాల్లో పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా చేసింది ఒకే పని: పాట సాగినంతసేపూ వస్తువును అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకోవడం. అక్కడ ఎవరి చెయ్యి లేచినా పాట పాడినట్టే లెక్క. అందుకని చేతులు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆయన ముక్కు గోక్కునేవాడు కాదు. ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. వీధి మలుపులో భార్య చెయ్యి ఊపితే తల మాత్రం ఆడించేవాడు. "బెల్లం కొట్టిన రాయి నయం," అని ఆవిడ దెప్పేది.

ఆయన ఉద్యోగంలో ఆఖరి రోజున ఆవిడ మొదటిసారి హాలుకొచ్చి వెనక వరసలో కూర్చుంది. ఆయన లోలకం ఊడిన గోడగడియారాన్ని ఎత్తి పట్టుకున్నాడు. ఒక్కరూ పాడలేదు. అంతమంది ముందు మొగుణ్ణి చూసిన సంబరంలో ఆవిడ చెయ్యి ఊపేసింది. ఠపీమని సుత్తి పడింది.

హాలంతా నవ్వింది. పెద్దాయనకు తల కొట్టేసినట్టయింది. గుమాస్తా రసీదు పుస్తకంతో వచ్చి, "మీరు పాడుకున్నదేంటి పిన్నిగారూ?" అన్నాడు.

ఆవిడ గడియారం వంక చూడనైనా లేదు. "అదిగో, దాన్ని పట్టుకుని నిలబడ్డారే, ఆయన్ని."

పెద్దాయన గడియారాన్ని చంకలోకి మార్చుకున్నాడు. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి, ఆ హాల్లో చెయ్యెత్తి ఊపాడు.