చీపుళ్ల కట్టకు ఇచ్చిన దారి

విజయనగరం నుంచి బొబ్బిలికి సైకిల్ మీద వెళ్దామనుకునేవాళ్లకు ముందే చెబుతున్నాను: దారి కష్టమైంది కాదు, ఆ దారిలో మన వెనక వచ్చేవాళ్లతోనే కష్టం. దూరం అరవై కిలోమీటర్లకు కాస్త తక్కువ. రైలుంది, బస్సులున్నాయి. అయినా నేను సైకిలే ఎక్కాను, ఎందుకంటే అది పందెం.

వేసవికి ముందు ఒకరోజు బడికి వెళ్తుంటే ఓ కారు నన్ను రాసుకుంటూ పోయింది. దాని అద్దం మోచేతికి తగిలి పక్క గోతిలో పడ్డాను. కారు ఆగలేదు. నా మోచేతికి కుట్లు పడ్డాయి, సైకిలు మెట్ల కిందికి చేరింది. మా ఆయన స్కూటీ కొంటానన్నారు.

"ఈ వయసులో నీకు సైకిలేటే? ఎవరికైనా ఇచ్చీద్దాం."

ఏళ్ల తరబడి ఆ సైకిలు మీదే బడికి వెళ్లి పిల్లలకు ఎక్కాలు చెబుతున్నదాన్ని. తప్పు కారుదైతే శిక్ష నా సైకిలుకా అని ఒళ్లు మండింది. "బొబ్బిలిలో మా పిన్ని ఇంటికి దీని మీదే ఎల్లి దీని మీదే వస్తాను. మధ్యలో రైలెక్కినా, ఆటో ఎక్కినా ఇచ్చీండి" అన్నాను. ఆయన నవ్వి సరేనన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

బడికి సెలవున్న రెండో శనివారం తెల్లారుతుండగా ఐదున్నరకు బయల్దేరాను. రెండు సీసాల నీళ్లు, గాలి పంపు, ఒక జత బట్టలు. రోడ్డు అంచున తెల్లగీతకు అవతల కంకర మీదే తొక్కాను. వెనక హారన్ వినిపిస్తే చాలు, వీపు బిగుసుకుపోయేది. ఎదురుగా బస్సు వస్తున్నా ఆగకుండా ఒక పాల వ్యాను నాకూ బస్సుకూ మధ్యలోంచి దూరింది. చున్నీ ఎగిరి ముఖాన పడింది. కంకరలోకి జారాను గానీ పడలేదు.

గజపతినగరంలో ఇడ్లీ తినడానికి ఆగాను. బల్లకు అవతల కూర్చున్న పెద్దాయన నా హెల్మెట్ వంక చూశాడు.

"ఎక్కడికమ్మా?"

"బొబ్బిలండి, సైకిలు మీద."

"రైలున్నాది కదేటి!"

"ఉన్నాదండి. అందుకే ఎక్కలేదు."

ఆయనకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఆ మాట అన్నాక కాస్త ధైర్యం వచ్చింది.

రామభద్రపురంలో కూరగాయల బళ్ల మధ్య దిగి నడిచి, పదకొండు కాకముందే పిన్ని ఇల్లు చేరాను. చేపల పులుసుతో అన్నం పెట్టింది. సాయంత్రానికి పిక్కలు పట్టేశాయి. నిజం చెప్పాలంటే, మర్నాటి రైలు ఎన్నింటికని ఫోన్‌లో చూశాను కూడా. మా ఆయన నవ్వు గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆదివారం పొద్దున్న బయల్దేరుతుంటే పిన్ని సాలూరు సంతలో కొన్న కొండచీపుళ్లు తెచ్చింది. ఒకటి కాదు, చంకెడు కట్ట.

"ఇవెందుకు పిన్నీ!"

"సుట్టాలింటికొచ్చి ఒట్టి సేతుల్తో ఎల్తావేటే? రేపు మీ ఆయన ఏటనుకుంటాడు?"

వెళ్లేటప్పుడు చీపురు ఎదురైతే మంచిది కాదంటారు. మా పిన్ని ఏకంగా కట్టే కట్టింది, అదీ క్యారియర్ మీద అడ్డంగా. కుచ్చులు కుడివైపు మూరెడు బయటికొచ్చాయి. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారోనని సిగ్గుపడుతూ ఊరు దాటాను.

మొదట వెనకొచ్చిన బస్సు నెమ్మదించి, దూరంగా తిప్పుకొని పోయింది. తర్వాత ఓ కారూ అంతే. ఇసుక లారీ అయితే అవతలి అంచు దాకా వెళ్లింది. నా వెనక మంత్రిగారేమైనా వస్తున్నారా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

రామభద్రపురం దాటాక టీ బడ్డీ దగ్గర ఆగితే, ఇందాక తప్పుకొని పోయిన తెల్ల కారు అక్కడే ఉంది. డ్రైవరు కుర్రాడు పలకరించాడు.

"సీపుళ్లు ఎంతకిస్తారమ్మా?"

"అమ్మకానికి కాదు బాబూ, నేను టీచర్ని. ఇందాక అంత దూరం తప్పుకొని ఎల్లావు, ఎందుకు?"

"అదేటండీ, పుల్లలు తగిల్తే డోరు మీద గీతలు పడిపోవా? కొత్త బండి."

"సీపుళ్లు లేకపోతే?"

అతను టీ ఊదుకున్నాడు. "మీరు ఓరకి జరిగిపోతారు కదండీ. సోటుంటాది, ఎల్లిపోతాం."

"జరక్కపోతే?"

"జరక్కపోతే ఆగుతాం. ఏటి సేస్తాం?"

మంచి కుర్రాడే, కల్లాకపటం లేకుండా చెప్పాడు. అందుకే మరీ మండింది. వాళ్ల రంగు మీద పడే గీతకున్న విలువ నా మోచేతి మీది కుట్లకు లేదన్నమాట. చీపుళ్ల చాటున బతికిపోయానని ఇంటికి వెళ్లి చెప్పుకోవడం నా వల్ల కాదు. కట్ట విప్పి, సైకిలు కడ్డీ వెంట పొడవుగా కట్టేశాను. ఇప్పుడు బయటికి పొడుచుకొచ్చేది ఏదీ లేదు, నేను తప్ప.

తెల్లగీతకు ఇవతల, మనిషి చాచిన చేయంత లోపల తొక్కడం మొదలుపెట్టాను. కాసేపటికి వెనక లారీ హారన్. ఎదురుగా ట్రాక్టరు వస్తోంది. హారన్ ఆగకుండా మోగింది. జరగలేదు. కుట్లు పడ్డ కుడిచేయి చాపి, ఆగమన్నట్టు అరచెయ్యి వెనక్కి చూపించాను. బ్రేకులు బుస్సుమన్నాయి. ట్రాక్టరు వెళ్లిపోయాక లారీ పూర్తిగా అవతలికి తప్పుకొని నన్ను దాటింది. క్లీనరు కిటికీలోంచి అరిచాడు.

"రోడ్డు నీదేటే?"

"నాది కూడా!"

ఎన్నాళ్లయిందో అంత గట్టిగా అరిచి. గొంతు మండింది గానీ హాయిగా ఉంది.

అందరూ ఆగారని చెప్పను. గజపతినగరం దాటాక ఓ వ్యాను మళ్లీ రాసుకున్నంత పనిచేసింది. కానీ ఈసారి నా ఎడమవైపు చోటుంది, పక్కకు తప్పుకొని మళ్లీ నా చోటుకి వచ్చాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే: అంచున తొక్కితే తప్పుకోవడానికి గొయ్యే మిగులుతుంది. భయం పోదు. భయంతోనే గీతకు ఇవతల ఉండాలి.

రెండు దాటాక ఇల్లు చేరాను. మా ఆయన గేటు తీసి, సైకిలు వంకా నా వంకా చూశారు.

"రైలెక్కలేదూ?"

"లేదు. కావాలంటే స్కూటీ మీరు కొనుక్కోండి."

ఆయన నవ్వలేదు. వంగి కట్ట విప్పుతూ, "ఈ సీపుళ్లెక్కడ పెట్టమంటావు?" అన్నారు.

"మెట్ల కింద. ఇప్పుడక్కడ ఖాళీయే" అని, సైకిలు వీధి గుమ్మం ముందు స్టాండు వేశాను.