అమ్మ వద్దనలేదు

రెండోసారి బయాప్సీ వద్దని అమ్మ అనలేదు. ఆమె పేరు చెప్పి వద్దన్నది నేను.

నాలుగేళ్ళుగా ఈ మాట మోస్తున్నాను. నాన్నకు చెప్పలేదు. డైరీలోనూ రాయలేదు. ఆ రోజు పేజీ తీస్తే బయటి పొగమంచు గురించి, సగంలో ఉన్న నవల గురించి ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అమ్మ ఏనాడూ పొగ తాగలేదు. అయినా ఊపిరితిత్తుల్లో క్యాన్సరు వచ్చింది. నాన్న సైన్యంలో, అస్సాం పోస్టింగులో ఉన్నారు. ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టరులో అమ్మా నేనూ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పన్నెండేళ్ళయినా అమ్మకు కూరలు బేరమాడేంత హిందీయే వచ్చు. డాక్టరు చెప్పింది తెలుగులో ఆమెకు, ఆమె చెప్పింది ఇంగ్లీషులో ఆయనకు చేరవేసేది నేనే. నలుగురిలో నోరు విప్పలేని నన్ను అమ్మ "మా ప్లీడరు" అని నవ్వేది.

మొదటిసారి వీపులోంచి సూది దించి ముక్క తీసినప్పుడు గాలి లీకై ఊపిరితిత్తి కుంగిపోయింది. పక్కటెముకల మధ్య గొట్టంతో వారం రోజులు పడుకుంది. ఆ ముక్కలో ఒక జన్యుమార్పు దొరికింది. దాని మీదే పనిచేసే మాత్ర ఉందన్నారు. రోజుకొకటి. రెండేళ్ళు ఆ మాత్ర అమ్మను నిలబెట్టింది. మళ్ళీ మెట్లెక్కింది, పప్పు పోపు పెట్టింది. మనిషిని నమ్మినట్టే ఆ మాత్రను నమ్మాం.

తరవాత ఒక స్కానులో మచ్చ పెరిగింది. రక్తంలో వెతికితే ఏమీ తేలలేదు.

"బీమారీ నే దూస్రా రాస్తా ఢూంఢ్ లియా, బేటా," అన్నారు డాక్టరు. జబ్బు ఆ మందును తప్పించుకునే వేరే దారి వెతుక్కుంది. అదేదో తెలియాలంటే మళ్ళీ ముక్క తీయాలి. తాను అనుకుంటున్న మార్పే అయితే దానికి ఇంకో మాత్ర ఉంది, ఆలస్యం చేయవద్దన్నారు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏటంటన్నాడే? మళ్ళీ సూది గాని కాదు గదా?"

"కాదమ్మా. ఇదే మాత్ర వాడమన్నారు."

డాక్టరు వైపు తిరిగి, అమ్మ ఒప్పుకోవడం లేదని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన ఫైల్లో రాసుకున్నారు.

ఎందుకలా చెప్పాను? అమ్మ భయం చూడలేకనా? చాలాకాలం అలాగే అనుకున్నాను. కాదు. ఆ గొట్టం పక్కన మళ్ళీ ఒంటరిగా కూర్చోవాలన్నా, సంతకాలు పెట్టాలన్నా, పలకని నర్సులను పదేపదే పిలవాలన్నా నాకు వణుకు. అమ్మ భయం చాటున నా భయాన్ని దాచుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు మూడు నెలలు రాలేదు. పనిచేయని మాత్రను రోజూ నా చేత్తోనే ఇచ్చాను. అమ్మ కళ్ళకద్దుకుని వేసుకునేది.

ఆయాసంతో వార్డులో చేర్చినప్పుడు, కొత్తగా వచ్చిన తెలుగు డాక్టరమ్మ ఫైలు చూసి నేరుగా అమ్మనే అడిగింది.

"బయాప్సీ వద్దన్నారట, ఎందుకమ్మా? వేరే మాత్ర పనికొచ్చేదేమో కదా?"

అమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"భయపడిపోనానమ్మా. ఇప్పుడు తీసీండి," అంది ఆమెతో.

నన్ను పట్టివ్వలేదు. ఆ విషయం నాతో ఎత్తనూ లేదు.

ఈసారి గాలి కూడా లీకవలేదు. డాక్టరు అనుకున్న మార్పే దొరికింది. కొత్త మాత్ర మొదలైంది, కానీ జబ్బు అప్పటికే కాలేయానికి పాకింది. మూడు నెలల ముందే వేసి ఉంటే? ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

ఆ తరవాత అమ్మ నా చేతి నుంచి మాత్ర తీసుకోలేదు. తనే అట్ట చింపుకుని వేసుకునేది. డాక్టరు దగ్గరికి పక్క క్వార్టరు తెలుగావిడ పద్మాంటీని తోడు పిలిచేది. నేను చెప్పిన ఏ మాటనైనా తనే సరిచూసుకునేది. బయట వాన పడుతోందన్నా సరే, కిటికీ దగ్గరికి వెళ్ళి చూసుకునేది.

ఇది రాస్తే క్షమాపణ దొరుకుతుందని కాదు. జరిగింది జరిగినట్టు, ఒక్క మాట మార్చకుండా ఇన్నాళ్ళకు చెప్పాను.

చివరిసారి అమ్మను చక్రాల కుర్చీలో డాక్టరు గది దాకా నేనే తీసుకెళ్ళాను, పద్మాంటీ పక్కన నడిచింది. లోపలే ఆయాసం ఎక్కువై ఐసీయూకి తరలించారు. మళ్ళీ మాట్లాడలేదు. అంతకు ముందు ఆ గది గుమ్మం దగ్గర, కుర్చీ మీదున్న నా వేళ్ళను మెల్లగా విడదీసి, నాతో అన్న ఆఖరి మాట ఇది:

"నువ్వు బయట కూకో, అమ్మా. లోపల మాటలకి పద్మ ఉంది."