లోపలి గది భోజనం

మా బావని ఇంటా బయటా అందరూ ఎక్స్‌ప్రెస్ అంటారు. మా అక్క మొగుడు. దూరప్రాంతాల బస్సు డ్రైవరుగా పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాడు. బండి దిగాడు గానీ ఆ వేగం ఒంట్లోంచి దిగలేదు. స్నానానికి వెళ్ళాడని మనం అనుకునేలోపే తల తుడుచుకుంటూ కనిపిస్తాడు. ఇక భోజనం సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్క అన్నం, కూర, పెరుగు ఆయన ముందు పెట్టి, తన కంచం తెచ్చుకోవడానికి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి ఆయన చెయ్యి కడుక్కుంటూ ఉంటాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పాపం బండి టైమైపోతుంది అని సరిపెట్టుకుంది. రిటైరయ్యాకా అదే తంతు. తినేసి అంత తొందరగా వెళ్ళేది ఎక్కడికయ్యా అంటే, వసారాలో కుర్చీలోకి.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే దారి హోటళ్ళ పద్ధతి ఒకటి తెలియాలి. బస్సు ఏ హోటల్ దగ్గర ఆగాలో తేల్చేది డ్రైవరే. బస్సు ఆగితే బస్సెడు జనం దిగి తింటారు. అందుకని హోటల్ యజమాని డ్రైవర్ని బయట బల్లల దగ్గర కూర్చోనివ్వడు. వెనకాల వంటింటి పక్కన ఒక గది ఉంటుంది. అక్కడ కూర్చోబెట్టి, పైసా పుచ్చుకోకుండా, పొయ్యి మీంచి దించిన వేపుడు దించినట్టే వడ్డిస్తాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. మా బావకి ఆ కడబంతి అవసరం కూడా ఎప్పుడూ పడలేదు.

ఒకసారి నేను ఆయన బస్సులోనే వెళ్ళాను. హోటల్ దగ్గర దిగి అందరితో పాటు బయట తిన్నాను. అన్నం ముద్దకట్టి ఉంది. కూరలో గరిటె పెట్టి గాలిస్తే గానీ ముక్క తగల్లేదు. బావ లోపల్నుంచి మూతి తుడుచుకుంటూ వచ్చి, ఎలా ఉందిరా, ఈ దారి మొత్తం మీద దీన్ని మించిన భోజనం లేదు అన్నాడు. వెటకారం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ప్యాసింజర్లు తిండి బాగోలేదని గొణుక్కుంటుంటే, వీళ్ళ ఇళ్ళల్లో రోజూ విందులు కాబోలు అని విసుక్కునేవాడు. బయట ఏం పెడతారో ఆయనకి తెలియదు. సర్వీసంతా లోపలి గదిలోనే తిన్నాడు మరి.

అలాంటి మనిషిని మా మేనకోడలు విదేశం చూపిస్తానని బయల్దేరదీసింది. ఆ పిల్ల ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది. సెలవులు మురిగిపోతున్నాయట. అమ్మా, నాన్నా, తనూ, సామాను మొయ్యడానికి నేనూ. నాకు పెళ్ళి కాలేదు, సొంతానికి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది, తిండి మీద శ్రద్ధ ఉంది. ఎవరి ప్రయాణంలోనైనా దూరిపోవడానికి ఈ మాత్రం అర్హత చాలు.

ఏ ఊరు వెళ్దామంటూ మేనకోడలు ఫోన్లో బొమ్మలు చూపిస్తుంటే అక్క వాటివైపు చూడలేదు. "ఏ ఊరైతే ఏంటే. అక్కడ మీ నాన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని ఒక్క పూట నింపాదిగా భోంచెయ్యాలి. అది చూడు, చాలు," అంది. నేను నవ్వబోయి, అక్క నవ్వడం లేదని గమనించి మానేశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోరు తెరిచి ఇది కావాలని అడగడం నేను వినలేదు. బావ పక్కనే ఉన్నాడు. ఒక్క పూటేం ఖర్మ, మూడు పూటలా కూర్చుంటానని అక్కడికక్కడే మాటిచ్చేశాడు.

ఆ ఊళ్ళో దిగాక మొదటి పేచీ భూమి లోపల నడిచే రైలుతో వచ్చింది. మెట్లు దిగి, గేటు దాటి, రైలు వచ్చి తలుపులు తెరుచుకున్నాక బావ ఎక్కనన్నాడు. నడిపేవాడి మొహం కనపడని బండి తను ఎక్కడట. మేనకోడలు నచ్చజెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. అందుకని రైల్లో చిటికెలో వెళ్ళే చోటికల్లా మేము సిటీ బస్సుల్లో ఊరంతా చుట్టి వెళ్ళాం. బావ సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చునేవాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు నేలని గట్టిగా తొక్కేది. ఎదురొచ్చే బస్సు డ్రైవరుకి ఈ డ్రైవరు చెయ్యెత్తితే, వెనకనుంచి ఈయన కూడా చెయ్యెత్తేవాడు. వాళ్ళలో ఒకరిద్దరు తిరిగి చెయ్యెత్తారు కూడా. ఆ రోజు సాయంత్రం దాకా బావని పట్టుకోలేకపోయాం.

తిండి దగ్గర ఇంకో పేచీ. మేనకోడలు నాలుగు మంచి హోటళ్ళు ముందే వెతికి పెట్టుకుంది. బావ ఒప్పుకోలేదు. కొత్త ఊళ్ళో డ్రైవర్లు ఎక్కడ తింటే అక్కడే తినాలి, అది సూత్రం అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం కదా, సరేనని బస్సులన్నీ ఆగే పెద్ద స్టాండుకి వెళ్ళాం. మధ్యాహ్నం దాకా కాపు కాశాం. చివరికి డ్రైవర్లు ఒక్కొక్కరే దిగి, బెంచీల మీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బాలు తెరిచి, రెండు రొట్టె ముక్కల మధ్య ఏదో పెట్టుకుని తిన్నారు. బావ ఒకాయన డబ్బాలోకి మరీ వంగి చూశాడు. ఆయన మూత పెట్టేసి అటు తిరిగి కూర్చున్నాడు. అప్పటికి నా కళ్ళు తిరుగుతున్నాయి. పక్క కొట్లో బన్నులు కొనుక్కుని నిలబడే తిన్నాం. ఆకలి రుచెరగదంటారు గానీ, ఆ బన్ను రుచి మాత్రం నాకు బాగా తెలిసింది, అట్టముక్కే.

అలా అలా రోజులు గడిచిపోయాయి. ఒక పూట పార్కులో నడుస్తూ తిన్నాం, ఒక పూట బస్సులో ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. ఎక్కడైనా బల్ల దొరికితే, అక్క సంచీ సర్దుకుని కూర్చునేలోపు బావ తినేసి లేచి, ఇక కదలండి కదలండి అనేవాడు. అక్క పొట్లం చుట్టేసి వెనకాలే నడిచేది. నాకు ఆయన మీద రోజురోజుకీ కోపం పెరిగింది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు మేనకోడలు పట్టు పట్టింది. నది ఒడ్డున ఒక హోటల్లో మధ్యాహ్నానికి రెండు బల్లలు చెప్పి ఉంచింది. కిటికీ పక్కది అమ్మకీ నాన్నకీ, పక్కది మా ఇద్దరికీ. నాన్నా, ఇవాళ అమ్మ పూట, గుర్తుంది కదా అని పొద్దుటే అడిగింది. గుర్తు లేకేం అన్నాడు బావ. ఊరు చూపించే పెద్ద బస్సెక్కి వెళ్ళాం. అది ఒక్కో చోటా కాసేపు ఆగి కదుల్తుంది. సరిగ్గా ఆ హోటల్ ముందే ఆగింది. బావ దిగేముందు డ్రైవరుతో చేతులతోనే ఏదో మాట్లాడి, భుజం తట్టి మరీ దిగాడు.

లోపల తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, పొడుగు గ్లాసులు. అక్క మంచి చీర కట్టుకుంది. కుర్చీ అంచున కూర్చుని, మళ్ళీ సర్దుకుని నిండుగా కూర్చుంది. మేనకోడలు వాళ్ళిద్దరికీ చేప చెప్పింది. బావ చేతులు కడుక్కుని వస్తానని లోపలికి వెళ్ళాడు.

వెళ్ళినవాడు రాలేదు. చేప వచ్చింది. పక్కన కూరముక్కలు, అన్నం, పొగలు కక్కుతూ రెండు పళ్ళాలు. నా పళ్ళెం కూడా వచ్చింది. నేను సిగ్గు లేకుండా సగం తినేశాను. అక్క ముట్టుకోలేదు. మేనకోడలు తినమంటే, నాన్న రానీ అంది. వడ్డించే అమ్మాయి వచ్చి ఖాళీ కుర్చీ వైపు చూసి వెళ్ళింది. అక్క బల్లగుడ్డ మీద లేని మడతలు సరిచేస్తూ కూర్చుంది. నేను లేచి వెతకడానికి వెళ్ళాను.

చేతులు కడుక్కునే చోట లేడు. వంటింటి తలుపు పక్కన సందు ఉంటే అటు వెళ్ళాను. చివర ఒక చిన్న గది, రోడ్డు వైపు కిటికీ. పొడుగు బల్ల చుట్టూ ఏప్రన్లు కట్టుకున్న వంటవాళ్ళు, అంట్లు తోమేవాళ్ళు. వాళ్ళ మధ్యలో మా బావ. ముందు పెద్ద పళ్ళెం. దాదాపు ఖాళీ. ఏం జరిగిందో ఊహించడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. ఆయన కాళ్ళు అలవాటు చొప్పున వెనక గదికి నడిచాయి. ఎవరో ఎవరు నువ్వని అడిగి ఉంటారు. ఈయన రెండు చేతులతో స్టీరింగు తిప్పి చూపించి, కిటికీలోంచి పెద్ద బస్సుని చూపించి ఉంటాడు. బస్సెడు జనాన్ని తెచ్చిన మనిషని వాళ్ళు కూర్చోబెట్టి పెట్టారు. అసలు డ్రైవరు మాత్రం బయట బస్సు అద్దం వెనకాల, తన సీట్లోనే డబ్బా తెరుచుకుని రొట్టె కొరుక్కుంటున్నాడు.

నన్ను చూసి బావ మొహం వెలిగిపోయింది. "చూశావురా, ఏ దేశమైనా ఒకటే. బండివాణ్ణి బయట కూర్చోబెట్టరు," అన్నాడు. పక్కనున్న వంటాయన నవ్వుతూ ఆయన పళ్ళెంలో ఇంకో ముక్క వేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ ముక్క చూసి కొంచెం అసూయ కూడా కలిగింది. బయట మాకిచ్చిన దానికంటే పెద్దది.

"బావా, అక్క ఇంకా తినలేదు. నీకోసం చూస్తోంది," అన్నాను.

ఆయన నోట్లోకి వెళ్తున్న చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు. ఆ ముక్క అలాగే వదిలేసి లేచాడు. నేనెరిగినంతలో ఆయన పళ్ళెంలో ముక్క వదలడం అదే మొదలు.

మేం వచ్చేసరికి చేప చల్లారిపోయింది. బావ చప్పుడు చెయ్యకుండా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. అక్క ఆయన మొహంలోకి చూసింది. మీసానికి ఏదో అంటుకుని ఉంది. అక్కకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

"తినేశారా?"

ఏదో ఒక ముద్ద, వాళ్ళు బలవంతం చేస్తేనూ, అని నసిగి, ఇప్పుడు మళ్ళీ తింటాలే అంటూ పళ్ళెం దగ్గరికి లాక్కోబోయాడు. అక్క ఆ పళ్ళాన్ని పక్కకి జరిపేసింది.

"వద్దు, అరక్క రాత్రంతా బాధపడతారు. ఊరికే కూర్చోండి."

మేనకోడలు వాళ్ళ నాన్నని ఏదో అనబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. వడ్డించే అమ్మాయి అక్క పళ్ళెం తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చింది. అంతలో బయట పెద్ద బస్సు స్టార్టయింది. ఆ చప్పుడు వినగానే బావ సగం లేచాడు. ఆయన లేవలేదు పాపం, ఆయన మోకాళ్ళు లేచాయి. అక్క తల ఎత్తకుండానే కూర్చోండి అంది. కూర్చున్నాడు. బస్సు కిటికీ ముందునుంచే వెళ్ళింది. డ్రైవరు ఈయన్ని చూసి చెయ్యెత్తాడు. బావ చెయ్యెత్తలేదు.

అక్క తినడం మొదలుపెట్టింది. చేపని అంచునుంచి కొద్దికొద్దిగా విడదీసి, ముళ్ళు ఏరి పళ్ళెం పక్కన వరసగా పెట్టింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాక అది పూర్తయ్యేదాకా ఇంకోటి కలపలేదు. మధ్యమధ్యలో నది వైపు చూసింది. తొందర ఎక్కడా లేదు. బావకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బల్ల మీద పెట్టాడు, ఒళ్ళో పెట్టుకున్నాడు, మళ్ళీ బల్ల మీద పెట్టాడు. కాసేపటికి కదలడం మానేసి ఆవిడనే చూస్తూ ఉండిపోయాడు. ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు చూశాడు.

"నువ్వెప్పుడూ ఇంత నెమ్మదిగానే తింటావా?" అని అడిగాడు.

అక్క ఇంకో ముల్లు తీసి పక్కన పెట్టింది.

"ఎప్పుడూ ఇంతే. మీరు లేచేటప్పటికి నేను కూర్చోనైనా కూర్చునేదాన్ని కాదుగా, మీకెలా తెలుస్తుంది."

బావ నీళ్ళ గ్లాసు తీసి ఆవిడ చేతికి అందేలా జరిపాడు. అక్క దాన్ని ముట్టుకోలేదు, తింటూనే ఉంది.