పాలు పొంగకూడని ఇల్లు

ఆ వేసవిలో మేం ఊరెళ్ళామా, ఇల్లు మారామా అన్నది నాకు అప్పట్లో అర్థం కాలేదు. ఇప్పుడైనా ఎవరన్నా నిలదీస్తే సరిగ్గా చెప్పలేను. నాన్ననడిగితే "రెండూ కాదులే" అంటాడు. అమ్మనడిగితే "మీ నాన్ననే అడుగు" అంటుంది. ఇద్దరూ తప్పించుకున్నాక మిగిలింది నేను కాబట్టి నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

తొంభైల్లో మాట. నాకు పదమూడేళ్ళు. నాన్న బెజవాడ ఆటోనగర్‌లో బస్సులకు బాడీ కట్టే షెడ్డులో మేస్త్రీ. ఊరందరూ తిరిగే బస్సులకి కిటికీలు, సీట్లు బిగించిన మనిషి, తను మాత్రం సైకిలు మీద తిరిగేవాడు. మేం అద్దె వాటాల్లో ఉండేవాళ్ళం. నాకు పదమూడేళ్ళొచ్చేసరికి ఆరిళ్ళు మారాం. అద్దె ఇంట్లోకైనా చాలామంది పాలు పొంగించుకునే దిగుతారు. మా అమ్మ పొంగించేది కాదు. "నా ఇంట్లోనే పొంగిస్తాను, ఎవరింటికో శుభం చేసిపెట్టడానికి నాకేం పని?" అనేది. పాలు కాచేటప్పుడు పొయ్యి దగ్గరే నిలబడి, అంచు దాకా రాగానే టక్కున దించేసేది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా పొంగనివ్వలేదు. అలాంటి మొండి మనిషి.

ఏదో స్కూలు వాళ్ళు తుక్కు కింద వదిలించుకున్న మినీబస్సొకటి షెడ్డు వెనక పడి ఉండేది. నాన్న దాన్ని తెచ్చుకుని రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం దాని మీదే పడ్డాడు. రైల్లో ఉన్నట్టు పైనొకటి, కిందొకటి బెర్తులు పెట్టాడు. మడతబెట్టే బల్ల, బట్టల బీరువా, పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు, లోపల కుళాయి. అన్నిటికంటే ముద్దుగా చేసుకున్నది వెనక కుడిమూల వంటగట్టు. నల్లరాయి పరిచాడు. ఇదంతా ఎందుకంటే ఎవరో షెడ్డుకి తెచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఒక బొమ్మ చూశాడట. అమెరికాలో మొక్కజొన్న చేల మధ్య చిన్న రైల్వే ఊరు, స్టేషను పక్కనే ఇల్లంత బస్సు, దాని ముందు రెండు కుర్చీలు వేసుకుని మొగుడూ పెళ్ళాం టీ తాగుతూ ఉంటారు. ఆ బొమ్మ కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. మడతల దగ్గర చిరిగిపోయి ఆ పెళ్ళాం ముఖం సగం ఊడిపోయింది కూడా.

ఆ ఏడు పరీక్షలవగానే ఇంటాయన వాటా ఖాళీ చెయ్యమన్నాడు. వాళ్ళమ్మాయి కాపురానికి కావాలట. అదే వారంలో నాన్నకి గుడివాడ అవతల ఒక చిన్న రైల్వే ఊళ్ళో పని తగిలింది. అక్కడి స్కూలు బస్సులకి సెలవుల్లో సీట్లు మార్చాలి, పది రోజుల పని. "మనందరం మన బండిలోనే వెళ్దాం, సరదాగా ఉంటుంది" అన్నాడు.

అమ్మ సామాను కడుతుంటే దగ్గర కూర్చుని చూశాను. ఆవకాయ జాడీ కట్టింది. దేవుడి పటాలు కట్టింది. ఆ తర్వాత రేషన్ కార్డు తీసి చేతిసంచిలో పెట్టింది.

"పది రోజులకి రేషన్ కార్డెందుకమ్మా?" అన్నాను.

"నోర్మూసుకుని గరిటెలు సర్దు."

నాన్న లోపలికొచ్చాడు. అమ్మ తలెత్తకుండానే అడిగింది. "తిరిగొచ్చాక ఏ ఇంటికొస్తామండీ?"

"చూద్దాంలే" అన్నాడు నాన్న.

చూద్దాంలే అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, బహుశా అన్న మనిషికీ తెలీదు. నాకర్థమైనంత వరకు, ఆ బస్సు నిజంగానే ఇల్లైపోతుందేమోనని అమ్మ భయపడుతోంది. నాన్న నోటితో అడగడానికి జంకుతున్నదీ అదే.

ఆ ఊళ్ళో స్టేషను పక్కన గూడ్స్ షెడ్డు, దాని ముందు ఖాళీ జాగా, జాగా చివర ఒక గానుగ చెట్టు. బస్సు అక్కడ పెట్టుకునేందుకు స్కూలు వాళ్ళే స్టేషన్లో మాట్లాడి పెట్టారు. బస్సు చెట్టు కిందకి చేరగానే గొడవ మొదలైంది.

"గుమ్మం తూర్పుకి రావాలి" అంది అమ్మ.

నాన్న తిప్పి తిప్పి నిలబెట్టాడు. బస్సుకి తలుపు ఎడమ పక్కనుంటుంది కాబట్టి గుమ్మం తూర్పుకి రావాలంటే ముక్కు దక్షిణానికి ఉండాలి. అమ్మ కిందకి దిగి చుట్టూ తిరిగి చూసింది. "పొయ్యి వాయువ్యంలో పడిందేంటండీ? ఆగ్నేయంలో ఉండాలి కదా!"

నాన్న ఓపిగ్గా బస్సు మళ్ళీ తిప్పాడు. ముక్కు ఉత్తరానికి పెడితే పొయ్యి చక్కగా ఆగ్నేయానికొచ్చింది, గుమ్మం పడమటికెళ్ళిపోయింది. పొయ్యి కుదిరితే గుమ్మం కుదరదు, గుమ్మం కుదిరితే పొయ్యి కుదరదు. అమ్మ ఒక గంట ఆలోచించి గుమ్మాన్నే ఖాయం చేసింది. కానీ రోజూ ఏదో ఒక పూట ధాన్యం లారీల వాళ్ళొచ్చి "మేస్త్రీగారూ, బండి కాస్త పక్కకి తియ్యండి" అనేవాళ్ళు. తీసి మళ్ళీ పెట్టేటప్పుడు అది ఎటు తిరిగేదో ఎవరికీ పట్టేది కాదు. నేను పొద్దున్నే తలుపు తీసి, ఎండ ముఖం మీద పడితే ఇవాళ తూర్పన్నమాట అనుకునేదాన్ని. మూడో రోజుకి నాకు కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెలీకుండా పోయింది.

ఊరి జనం అయోమయం ఇంకో రకం. తెల్లటి బస్సు, కిటికీలకి తెరలు, లోపల మంచాలు. మొదటి రోజే ఒక ముసలావిడ వచ్చి మెట్టు మీద కూర్చుని, రెండు వేళ్ళతో కంటిరెప్ప విడదీసి "చూడండి బాబూ, పొర కమ్మింది" అంది. ఇది కళ్ళ డాక్టర్ల బండి కాదని చెప్పడానికి నాన్నకి అరగంట పట్టింది. "మరేంటిది?" అనడిగింది. నాన్న నోరు తెరిచి, అమ్మవైపు చూసి, మూసుకున్నాడు. అమ్మే చెప్పింది. "బస్సండీ. పనికొచ్చాం." ఇల్లు అన్న మాట మాత్రం దగ్గరకి రానివ్వలేదు.

నాన్న ఆ బొమ్మలోలాగే రెండు మడత కుర్చీలు తెచ్చాడు. సాయంత్రం పని నుంచి రాగానే బస్సు ముందు వేసేవాడు. అమ్మ ఒక్కపూట కూడా కూర్చోలేదు. నలుగురూ చూస్తుంటే మొగుడి పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగడమా, సిగ్గు లేకపోతే సరి అంది. రెండో కుర్చీలో నేనే కూర్చునేదాన్ని. నాన్న చాలా మర్యాదగా నాతో వాతావరణం గురించి మాట్లాడేవాడు.

ఆ రేకుల బస్సు మధ్యాహ్నమయ్యేసరికి పెనంలా కాలేది. అమ్మ కిరసనాయిలు స్టవ్వు చెట్టు కింద పెట్టుకుని వండేది. వేడికే అలా చేస్తోందనుకున్నాను. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కూడా పాలు బయటే కాచేది. నాన్న ముచ్చటపడి పరిచిన నల్లరాయి గట్టు మీద ఒక్క గిన్నె కూడా పెట్టలేదు. నాన్న మాత్రం దాన్ని రోజూ తడిగుడ్డతో తుడిచేవాడు. వాడని గట్టుకి మురికేం ఉంటుంది? అయినా తుడిచేవాడు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీక ఇద్దరి మీదా తెచ్చుకునేదాన్ని.

అసలు సంగతి రైల్వే గేటు కాసే ఆయన భార్య దగ్గర బయటపడింది. స్నానాలకి మేం వాళ్ళింటికే వెళ్ళేవాళ్ళం. ఆవిడ ఒకరోజు అడిగింది. "లోపల అంత మంచి గట్టు పెట్టుకుని ఈ ఎండలో బయట వంటేంటి వదినగారూ?"

అమ్మ గొంతు తగ్గించింది. "పాలు పొరపాటున లోపల పొంగాయంటే ఇక ఇదే మా ఇల్లయిపోద్ది వదినగారూ. ఆయనకి కావలసిందదే. పిల్ల ఎదుగుతోంది. రేపు ఎవరన్నా మీ ఇల్లెక్కడ అంటే నేనేం చెప్పను, నిన్న ఇక్కడుంది, ఇవాళ ఎక్కడుందో చూసొస్తానని చెప్పనా?"

ఆవిడ నవ్వింది. అమ్మ నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. గోడ పక్కన తల తుడుచుకుంటున్న నేను ఆ మాట విని అక్కడే నిలబడిపోయాను. ఎందుకంటే నాకా బస్సు నచ్చింది. పైబెర్తు నాది. జీవితంలో మొదటిసారి నాకంటూ ఒక కిటికీ, ఆ కిటికీలో రోజంతా రైళ్ళు. ఇంటాయన అరవడు. కుళాయి దగ్గర వంతులుండవు. అమ్మ ఏడుస్తుంటే నాకు బాధేసింది, కానీ బస్సు వద్దని మాత్రం అనిపించలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. దుమ్ము లేచి, గానుగ కొమ్మ ఒకటి విరిగి పడింది. చెట్టు కింద స్టవ్వు మీద పాలు కాగుతున్నాయి. అమ్మ స్టవ్వు ఆర్పి, ఎత్తుకుని లోపలికి తెచ్చి, వేరే దారి లేక నల్లరాయి మీద పెట్టింది. గేదెపాలు, పచ్చివి, ఆ ఉక్కకి సగంలో వదిలేస్తే విరిగిపోతాయి. మళ్ళీ వెలిగించి, మసిగుడ్డ నా చేతిలో పెట్టింది.

"కళ్ళు తిప్పకు. అంచుకి రాగానే దించెయ్యి. విన్నావా?" అని, ఆరేసిన బట్టల కోసం వానలోకి పరిగెత్తింది.

ఇక్కడ నాకు సరిగ్గా గుర్తులేదు. గూడ్సు బండి వెళ్ళింది, అది గుర్తుంది. బస్సంతా అదిరింది. నేను కిటికీ వైపు తిరిగి పెట్టెలు లెక్కపెట్టానని అమ్మకి చెప్పాను. చాలా ఏళ్ళు నేనూ అదే నమ్మాను. కానీ నా కళ్ళముందు ఇంకొకటి కూడా ఉంది. పాలమీద మీగడ ముడతపడి, మధ్యలో ఉబ్బి, మెల్లగా అంచుకి రావడం. పెట్టెలు లెక్కపెట్టినదాన్ని పాలు ఎలా చూశాను? పాలు చూసినదాన్ని ఎందుకు దించలేదు? మసిగుడ్డ చేతిలోనే ఉంది. దాన్ని గట్టిగా పట్టుకున్న సంగతి కూడా గుర్తుంది.

పాలు పొంగి గట్టు మీంచి కిందకి కారాయి. మాడు వాసన. అమ్మ తడిబట్టలతో గుమ్మంలో నిలబడింది. వెనకే పని ఆపేసి పరిగెత్తుకొచ్చిన నాన్న.

అమ్మ అడిగింది. "ఏ దిక్కుకి పొంగాయి?"

నేను నాన్న వంక చూశాను. నాన్న బయటికి చూశాడు. వానలో సూర్యుడు లేడు. పొద్దున లారీ కోసం బస్సు తీశాం, మళ్ళీ పెట్టినప్పుడు ముక్కు ఎటుంది? నాన్న వేళ్ళతో గాల్లో ఏవో గీతలు గీసుకుని, "తూర్పుకే" అన్నాడు. అబద్ధమని నా అనుమానం.

అమ్మ బట్టలు కింద పడేసి బెర్తు మీద కూర్చుంది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. లేచి గట్టు కడిగింది. పసుపు రాసి బొట్లు పెట్టింది. గుమ్మంలో రేకు మెట్టుకీ పెట్టింది. మిగిలిన పాలల్లో గుప్పెడు బియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండింది. వాన వెలిశాక గేటు దగ్గరావిడకి, గూడ్స్ షెడ్డులో హమాలీలకి తనే వెళ్ళి పంచింది. "ఏంటి విశేషం?" అని ఆవిడ అడిగితే, "గృహప్రవేశం వదినగారూ" అంది, తల వంచుకుని. ఆ సాయంత్రం నాన్న కుర్చీలు వెయ్యలేదు. అమ్మే వేసింది. వేసి కూర్చుంది. నాన్న పరమాన్నం గిన్నె చేత్తో పట్టుకుని రెండో కుర్చీలో కూర్చున్నాడు గానీ ఒక్క ముద్దా తినలేదు.

మర్నాడు పొద్దుటి రైలుకి నాన్న బెజవాడ వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, "పటమటలో రెండు గదుల వాటా చూశాను. ఒకటో తారీఖున దిగుదాం" అన్నాడు.

నాకు బుర్ర తిరిగిపోయింది. అమ్మైతే ఒంటికాలి మీద లేచింది. "పాలు పొంగిన ఇల్లు పెట్టుకుని మళ్ళీ అద్దెకా? మనసు చంపుకుని ఒప్పుకున్నాక ఇప్పుడు కాదంటారా?"

"అదే" అన్నాడు నాన్న. "నువ్వెలాగూ ఒప్పుకోవన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ ముచ్చటపడ్డాను. నిన్న నువ్వా మెట్టుకి పసుపు రాస్తుంటే చూడలేకపోయాను." నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పటమట వాటాలోకి దిగాం. బస్సు కొన్నాళ్ళు షెడ్డులో ఉండి, తర్వాత ఎవరికో టిఫిన్ల బండిగా వెళ్ళిపోయింది. తీసుకెళ్ళే రోజు అమ్మ పొద్దున్నే వెళ్ళి ఆ గట్టు మీద బొట్లు తుడిచి వచ్చిందని నాన్న చెప్పాడు.

రెండు వేల సంవత్సరం దాటాక, గన్నవరం వెళ్ళే దారిలో నాన్న సొంతంగా రెండు పడగ్గదుల ఫ్లాటు తీసుకున్నాడు. గుమ్మం తూర్పుకే, పొయ్యి ఆగ్నేయంలోనే. ఎవరూ ఎటూ తిప్పలేరు. గృహప్రవేశం రోజు పురోహితుడు మాటవరసకి, "అమ్మగారికి ఇదే మొదటి గృహప్రవేశమాండీ?" అన్నాడు.

"కాదండీ, రెండోది" అంది అమ్మ. నాన్న గోడకేసి తిరిగి ఫ్యాను స్విచ్చులు పరీక్షించడం మొదలుపెట్టాడు.

అమ్మ స్టవ్వు వెలిగించి గిన్నె పెట్టింది. నేను వెనక్కి జరగబోతే చెయ్యి పట్టుకుని పొయ్యి ముందు నిలబెట్టింది.

"నువ్వే ఉండు. పొంగేదాకా చూస్తూ నిలబడ్డం నీకు తెలుసుగా" అంది. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖంలోకి చూడలేదు. మసిగుడ్డ మాత్రం ఈసారి నా చేతికివ్వలేదు, తన భుజం మీదే వేసుకుంది.